‘ళ’ అక్షరం కోసం తాండూరు ప్రయాణం

ఉపాధ్యాయ సోదరసోదరీమణులకు సవినయ నమస్కారములు.

లేఖకు పైన స్థలమూ తేదీ ఉండితీరాలని ఉద్యోగకాలమంతా బోధించినవాణ్ణి. ఈసారి రెండూ బుద్ధిపూర్వకంగానే వదిలివేశాను. ఏ ఊళ్లో, ఏ నెలలో చదివినా ఇది మీ తరగతికి పనికిరావాలని నా కోరిక.

పదవీ విరమణ చేసి వికారాబాదులో తీరికగా ఉన్న నాకు తాండూరు నుంచి సరోజిని కబురు పంపింది. ఒకప్పుడు నా శిష్యురాలు, ఇప్పుడు అక్కడి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి ఉపాధ్యాయిని. ఆమె తరగతిలో రజియా అనే పిల్ల తెలుగు వాచకం చదవమంటే నోరు విప్పడం లేదట. ఇంట్లో వాళ్లు మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఒకనాడు ‘పళ్లు’ అనవలసిన చోట ‘పల్లు’ అన్నది. వాళ్ల భాషలో పల్లు అంటే చీరకొంగు. “నీ పల్లు యాడ జారిందే?” అని తోటిపిల్లలు ఏడిపించారు. నాటి నుంచి మౌనం. అర్ధసంవత్సర మౌఖిక పరీక్షలోనూ చదవకపోతే బడి మాన్పిస్తానని తండ్రి ఖాజా తేల్చి చెప్పాడు.

దుబాయిలో పనిచేసే మరో శిష్యుడు ఇచ్చిన చిన్న టేపు రికార్డరు నా దగ్గర ఉంది. రజియా ఒక్కతె కోసమే ‘ళ’ పలికే మాటలతో ఒక పాఠం రాసి, నా కంఠంతోనే టేపులోకి ఎక్కించి, పరీక్షనాడు పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ; టికెట్టు భారమేమీ కాదు. కొడంగల్ వైపు నుంచి వచ్చేవారికి బస్సు సౌకర్యం ఉంది. ధారూరు దాటాక కిటికీ పక్కన కందిచేలు పసుపుపచ్చగా పూచి ఉన్నాయి. స్టేషను బయట రిక్షావాడు రూపాయి అడిగాడు, బేరమాడలేదు.

“గా డబ్బా ఏంది సారూ? రేడియోనా?”

“టేపు రికార్డరు నాయనా.”

“గట్లయితే ఒక పాట పెట్టుండ్రి, జర హుషారుగ తొక్కుత.”

“ఇందులో పాటలు లేవు, పాఠం ఉంది.”

“పాఠమా! వద్దు తియ్ సారూ. గా పాఠాలకు బుగులుపడే కదా రిక్షా ఎక్కింది!”

బడికి చేరగానే సరోజిని రజియాను వరండా చివర కూర్చోబెట్టింది. ఏ మీట నొక్కితే మాట వస్తుందో, ఏది నొక్కితే వెనక్కి పోతుందో, ఏది తన గొంతును పట్టుకుంటుందో చూపించి, చెవిగొట్టం ఆమె చెవిలో పెట్టి మేమిద్దరం పక్కకు తప్పుకున్నాం. లోపల తక్కిన పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆమెను చూసేవారు లేరు, నవ్వేవారు అసలే లేరు.

కొంతసేపటికి టేపు వెనక్కి తిప్పి విన్నాం. పాఠం చివర ఆమె గొంతు కోసం వదిలిన ఖాళీలో మొదట నిశ్శబ్దం. తరువాత గుసగుసగా ఒక వాక్యం: “సారూ, జర మెల్లగ చెప్పుండ్రి. మస్తు ఉరుకుతున్నరు.”

సరోజిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పష్టమైన ఉచ్చారణకు జిల్లాలో పేరున్నవాణ్ణి కదా, నేను మాత్రం నవ్వలేదు. నిదానంగా మళ్లీ చదివి ఎక్కిద్దామనుకునేలోపు భోజనం గంట కొట్టారు.

సరోజిని తెచ్చిన జొన్నరొట్టె తిని వచ్చేసరికి రజియా మళ్లీ యంత్రం ముందే ఉంది. చెవిగొట్టం తీసి చూస్తే సెల్లులు నీరసించాయి. నా కంఠం బురదలో దిగిన దున్నపోతులా సాగుతోంది: “నా...ప...రా...ళ్...ళు.” సిగ్గుతో సంచిలోంచి కొత్త సెల్లులు తీశాను. రజియా యంత్రం మీద చేయి అడ్డం పెట్టింది.

“ఉండనియ్యుండ్రి సారూ. ఇప్పుడు మంచిగ చెప్తున్నరు.”

‘ల’ దంత్యం, ‘ళ’ మూర్ధన్యం అని ఎందరికో సూత్రం చెప్పాను. సాగిన ఆ ధ్వనిని అనుకరిస్తూ, పకపక నవ్వుతూ, ఆ పిల్ల నాలుకను తనంతట తానే అంగిలి వైపు మడిచింది. “రా...ళ్...ళు!” తరువాత దానిని దగ్గరకు లాగి, “రాళ్లు” అన్నది.

మధ్యాహ్నం ప్రధానోపాధ్యాయుల గదికి ఖాజా కూడా వచ్చాడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే మనిషి, తలనిండా రాతిపొడి. రజియా ఒకసారి నా సంచివైపు చూసి, నేను రాసి ఇచ్చిన పాఠాన్నే మెల్లగా చదివింది: “మా అబ్బా నాపరాళ్లు నున్నగా చేస్తాడు. వాటిపై నీళ్లు చల్లితే కాళ్లకు చల్లగా ఉంటుంది.”

ప్రధానోపాధ్యాయులు “ఉత్తీర్ణం” అన్నారు. ఖాజా ఆ మాట విన్నట్టే లేదు.

“ఇంకోపారి అను బేటా. పొద్దుగాల్నుంచి గా రాల్లల్లనే ఉంట, నాకే తిరగదు నాలుక.”

“రాల్లు కాదు అబ్బా, రాళ్లు!”

“ఇగ ఇంట్ల సుత నాకు పంతులమ్మే!” అంటూ బిడ్డ తల నిమిరాడు. ఆ తలకూ రాతిపొడి అంటింది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగివస్తూ ఆలోచించాను. తరగతికి ఒకే గొంతుతో, ఒకే వేగంతో చెప్పడం మనకు తప్పదు; వినే చెవులు మాత్రం ఎవరివి వారివే. ఆగమంటే ఆగి, వెనక్కి రమ్మంటే విసుక్కోకుండా వచ్చే గురువు ఒక్కో పిల్లకు కాసేపైనా దొరకాలి. ఆ పనికి చిన్న డబ్బా చాలింది. ఇలాంటి పని మీద ఏ బడికైనా వెళ్లదలచినవారికి ఒక్కటే సూచన: కొత్త సెల్లులతోపాటు వాడిన సెల్లులూ రెండు తీసుకువెళ్లండి.

ఈ లేఖను కళ్లతో చదివి ఊరుకోవద్దని మనవి. మీ పిల్లలందరికీ వినబడేలా పైకి చదవండి, నాపరాళ్ల దగ్గర జర మెల్లగ.