అమ్మమ్మ వైరు, మేనేజరు స్టూలు

ఈ భూమ్మీద ఇంటర్నెట్టు నడుస్తున్నది మా అమ్మమ్మ దయవల్లే. ఆవిడకు కోపమొస్తే సముద్రం అడుగున ఉన్న కేబుళ్లు కూడా చుట్టలు చుట్టుకుని ఎవరిళ్లకు అవి వెళ్లిపోతాయి.

ఇరవై రెండేళ్లుగా ఆఫీసుల్లో నెట్ వైర్లు లాగడం ఆవిడ పని. ఒకచోట మీటింగు గదికి వైరు వేస్తే, మేనేజరు దాన్ని తన ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. వైరు పనిచేస్తే వెలగాల్సిన పచ్చ లైటు వెలగలేదు.

"మీకు కళ్లు ఆనట్లేదు పెద్దమ్మా. ఇంట్లో కూర్చోండి," అన్నాడు అందరి ముందూ. ఆ వైరు పీకించి వేరేవాళ్లతో కొత్తది వేయించాడు.

అమ్మమ్మ తన వైరును ఇంటికి తెచ్చి గుమ్మం పక్క మేకుకు తగిలించింది. నాలుగు నెలలు దాన్ని చూసి పళ్లు నూరింది. పెట్టుడు పళ్లు కదా, చప్పుడు వీధిలోకి వినిపించేది. ఆ వైరు మంచిదేనని అదే గదిలో, అదే నోటితో అనిపించాలి. ఆవిడకు కావలసింది అంతే.

కొత్త వైరుతోనూ లైటు ఒకరోజు వెలిగి ఒకరోజు వెలగకపోయేసరికి మళ్లీ ఆవిడకే కబురొచ్చింది. మేకు మీది వైరు తీసుకుని వెళ్లింది. చార్జరు మేనేజరు సంచిలో ఉండటం చూడగానే ఆవిడకు సంగతి తెలిసిపోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు పొదుపు కోసం వైరు గుచ్చే చోటికి కరెంటు ఆపేస్తుంది. అప్పుడు వైరు పెట్టినా దానికి తెలియదు.

ఈ ముక్క అమ్మమ్మ చెప్పలేదు.

"నా వైరే మళ్లీ వేద్దాం. మీరే ఎక్కండి సార్. నాకు కళ్లు ఆనవు కదా."

మేనేజరు స్టూలెక్కి పైకప్పు పలకల్లో తల దూర్చి, టై నిండా బూజుతో వైరు లాగాడు. స్టాఫంతా చూస్తున్నారు. దిగి గుచ్చాడు. లైటు లేదు. మొహం పాలిపోయింది.

"ఇప్పుడు చార్జరు పెట్టండి."

పచ్చగా వెలిగింది.

"ముందే చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"ముందు మీరు చెప్పాల్సింది ఒకటుంది సార్. వీళ్లందరూ వినేలా."

"వైరు మంచిదే. తప్పు నాదే," అన్నాడాయన తుమ్ముల మధ్య.

"పాపం, గంటసేపు స్టూలు మీద నిలబెట్టావా అమ్మమ్మా?" అన్నాను, ఆవిడ ఇంటికొచ్చి ఇదంతా చెప్పాక.

"గంట కాదు, గంటన్నర. రాస్తే సరిగ్గా రాయి."