విచారణ అన్న మాట

ఆ యేటి తపస్సుకాలమంతా నాకు నడకతోనే గడిచింది. ప్రభువు శ్రమలను ధ్యానించవలసిన నలభై దినాలలో నేను అధికంగా ధ్యానించినది నా మోకాళ్లను. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి, కృష్ణా తీరం విడిచి, భార్యతో కూడ లింగంపల్లి దగ్గరి ఒక కాలనీలో స్థిరపడి అప్పటికి రెండేళ్లయింది. మేము పూజకు వెళ్లే చర్చి ఖాజాగూడ బండల పక్కన ఉండేది. బస్సు దిగిన తరువాత మైలు నడవాలి. రాతి గోడలు, పెంకుల కప్పు, నూరుమంది కూర్చుంటే నిండిపోయే లోపలి చోటు. అంతకు మించి చెప్పుకోదగిన వైభవమేదీ దానికి లేదు.

హైటెక్ సిటీ భవనాల కోసం గుట్టలకు తూటాలు పెట్టి పేలుస్తున్న రోజులవి. పేలుడు వినబడినప్పుడల్లా చర్చి మొత్తం ఒకసారి ఉలిక్కిపడేది. బలిపీఠం వెనుక గోడ పైనుంచి కిందికి చీలింది. ఆ చీలికలో నా చేయి మణికట్టు దాకా దూరేది. వానాకాలంలో నీళ్లు ఆ దారినే దిగి పీఠవస్త్రాలను తడిపేవి.

తపస్సుకాలపు మొదటి ఆదివారం పూజ ముగిశాక ఫాదర్ గారు నన్ను ఆపారు. ఆయనకు నా పాత విద్యార్థులలో ఎవరి వయసో ఉంటుంది, అంతే.

"మాస్టారూ, పైనుంచి, బిషప్ గారి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందండి. మరమ్మతుకు నిధి సేకరణ మొదలుపెట్టే ముందు జనం మనసు తెలుసుకోమన్నారు. సగానికి పైగా కుటుంబాలు సరేనంటేనే పని. కాదంటే ఈ చర్చి మూసేసి మనల్ని పెద్ద చర్చిలో కలిపేస్తారట. ఈస్టర్‌లోగా చెప్పాలి."

ఆ పెద్ద చర్చికి రెండు బస్సులు మారి వెళ్లాలి. నావంటి వాడికి అది అలవాటైన శ్రమే. బండల పక్కన గుడిసెలు వేసుకుని రాళ్లు కొట్టే మా వాళ్లకు మాత్రం అది లేని చర్చితో సమానం. వాళ్లు ఆదివారం కూడా తెల్లవారుజాము పూజ విని, అక్కడినుంచి అటే పనికి పోయేవారు.

"కాగితం మీరే రాయాలి, ఇల్లిల్లూ మీరే తిరగాలి. మీ మాట ఎవరూ కాదనరు," అన్నారు ఫాదర్ గారు.

"మా ఇంట్లోనే కాదంటారండీ," అన్నాను. ఆయన నవ్వారు గాని వదలలేదు.

రెండు రోజులు కూర్చుని రాశాను. శిరోభాగాన పెద్ద అక్షరాలతో 'విచారణ అభిప్రాయ పత్రము' అని పెట్టాను. దాని కింద, 'మన విచారణ దేవాలయ పునరుద్ధరణకై సంకల్పించిన నిధి సేకరణమునకు తమ సమ్మతిని ఇందుమూలముగా తెలియజేయ ప్రార్థన' అన్న వాక్యం. కథోలికులమైన మేము ఒక చర్చికి చెందిన ప్రాంతాన్ని, అందులోని కుటుంబాలన్నింటినీ కలిపి విచారణ అంటాము. అక్కడి ఫాదర్ గారు విచారణకర్త. ఒకరి బాగోగులు విచారించడమన్న అర్థం అందులో ఉన్నదని నాకు ఆ మాట మీద చిన్ననాటి నుంచీ మమకారం.

ఫాదర్ గారు చదివి తల గోక్కున్నారు. "కొంచెం తేలిక చేద్దామా మాస్టారూ? మన చర్చి బాగు చేసుకుందామా అంటే సరిపోదా?"

"అది నోటితో అనే మాటండీ. కాగితానికి ఒక మర్యాద ఉంటుంది."

నా భార్య కూడా చదివింది. "చూస్తేనే భయమేస్తోందండీ. కోర్టు నుంచి వచ్చినట్టుంది," అన్నది. నీకన్నిటికీ భయమే అని కసిరాను.

ఇంటికొకటి చొప్పున ప్రతులు తీయించి, మొదట కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లకు వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు ఇంకా పెట్టలేదు. కంప్యూటరు ఉద్యోగాలు చేసే ఒక జంట, మా జిల్లా వాళ్లే, ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"మంచి పనేనండి. ఇంగ్లీషు పూజ పెడతారా? కార్లు నిలుపుకోవడానికి చోటుంటుందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ముందు గోడ నిలబడాలమ్మా."

"అదీ నిజమేలెండి." ఆమె భర్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికి జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. "ప్రార్థనలో పెడతామండి మాస్టారూ."

క్రైస్తవుల తెలుగులో కాదనడానికి ఇంత మర్యాదైన వాక్యం మరొకటి లేదు. అది విన్న తరువాత కలం తీయలేము, కోపగించుకోనూ లేము. నేనూ నా జీవితంలో ఎందరితోనో ఆ మాట అన్నవాణ్ణే. ఆ నెలలో అపార్ట్‌మెంట్ల వాళ్లు చాలామంది నన్ను ప్రార్థనలో పెట్టారు. అంతమంది ప్రార్థించినా మోకాళ్ల నొప్పి తగ్గలేదు.

అయిదో వారంలో ఖాజాగూడ బండల దగ్గరికి వెళ్లాను. మా విచారణలో సగానికి కాస్త తక్కువగా కుటుంబాలు అక్కడే ఉండేవి. ప్రతి గుడిసె ముందు నిలబడి కాగితం పైకి చదివాను. ఆశ్చర్యమేమిటంటే ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పూర్తిగా వినకుండానే చేయి చాపి "యాడ ఎయ్యాలె సారు?" అని వేలిముద్ర వేశారు. ఎప్పుడూ చాయ్ తాగి పొమ్మనే వాళ్లు ఆనాడు ఆ మాటా అనలేదు. పేదల విశ్వాసమంటే ఇది కదా అని నా కళ్లు చెమర్చాయి. ఆ రోజును తలచుకున్నప్పుడల్లా నాకు సిగ్గు కలిగించేది ఆ కన్నీరే.

చివరి గుడిసె ఒక పెద్దమ్మది. శనివారం శనివారం చర్చి ఊడ్చి, నేల కడిగేది ఆమే. ఆమె చేయి చాపలేదు.

"జర ఆగు సారు. గిది మన చర్చి కాయితమా, ఆళ్ల కాయితమా?"

"ఎవరి కాగితం పెద్దమ్మా?"

"గదే, పోయిన నెల సర్కారోళ్లు జీపుల వచ్చిరి సూడు. విచారణకు వచ్చినమన్నరు. జాగ ఎవ్వరిది, ఎన్నేండ్ల సంది ఉంటున్నరు అని అడిగిరి. ఏలు ముద్ర ఎయ్యనోళ్ల గుడిసెలు కూలగొడ్తమని సున్నంతోని గీతలు గీసి పోయిరి. ఇగ నువ్వొచ్చి విచారణ అని సదివితివి. అందరు గజగజ వణుక్కుంట ఏసిరి."

"అయ్యో, విచారణ అంటే మన చర్చి కదమ్మా!"

"ఫాదరు చర్చిల నిలవడి అంటె చర్చి. కాయితం పట్టుకొని గడప కాడికొచ్చి అంటె అది పోలీసోళ్ల మాట. గంత సదువుకుంటివి, గీ ముచ్చట ఎర్కలేదా సారు?"

పక్క గుడిసె నుంచి ఆమె కోడలు పకపక నవ్వింది. "ఫికర్ చెయ్యకు సారు. ఆళ్ల కాయితానికి ఏసినం, నీ కాయితానికి ఏసినం. ఏది పనికొస్తదో ఎవ్వలికెరుక?"

తిరుగు బస్సులో ఆ కాగితాల కట్టను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. అపార్ట్‌మెంట్లలో సరేనన్న కొద్దిమందికి ఈ వేలిముద్రలు చేరిస్తే సగం దాటుతుంది. చర్చి నిలుస్తుంది. నిలిచేదీ వాళ్ల చర్చే. ఇందులో ఎవరికి నష్టం? లింగంపల్లి దాకా ఈ తర్కాన్ని అనేక విధాల నిలబెట్టి చూసుకున్నాను. విచారమన్న మాటకు సంస్కృతంలో ఆలోచన అని అర్థం. తెలుగులోకి వచ్చాక దుఃఖమయింది. ఎందుకయిందో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. నాకు అర్థమయింది ఆ బస్సులోనే.

"ముద్రలు వచ్చాయిగా, ఇచ్చేసి రండి," అన్నది నా భార్య, నా కాళ్లకు వేన్నీళ్ల కాపడం పెడుతూ. "ఈ వాపు చూశారా?"

మరునాడు ఫాదర్ గారికి జరిగినదంతా చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. "మళ్లీ అడగాలి. ఓపిక ఉందా మాస్టారూ?" అన్నారు.

"లేదండి."

"నాకూ లేదు," అంటూ లేచారు.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం, వాళ్లు పని నుంచి తిరిగి వచ్చే వేళకు ఇద్దరం వెళ్లాము. ఎవరి కాగితం వాళ్ల చేతికి తిరిగి ఇచ్చాను. కొందరు నమ్మలేక ఫాదర్ గారి ముఖం చూశారు. ఒకామె తీసుకున్నది తీసుకున్నట్టే పొయ్యిలో పెట్టింది. నేను రాయనన్న ఆ మాటనే ప్రతి గడపలోనూ నోటితో అడిగాను: "మన చర్చి బాగు చేసుకుందామా?"

రాళ్లు కొట్టే ఒకాయన భుజాన తువ్వాలు దులుపుకుని అన్నాడు: "బాగ చేసుకుందామనే ఉంటది సారు. గని మేముంటమో ఉండమో. ఈ జాగ ఖాళీ చేపిస్తరంటున్నరు. మేం పోయినంక గా గోడ ఎవ్వలికి?"

 తక్కిన గుడిసెలలోనూ దాదాపు అదే మాట. భయం పోయిన తరువాత వాళ్లు చెప్పిన నిజం అది. ఆ రోజు చాయ్ మాత్రం ప్రతి ఇంట్లోనూ ఇచ్చారు. సరేనని కొత్త కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లు కొద్దిమందే. అందులో మొదటిది పెద్దమ్మది. "నన్ను ఎవడు లేపుతడో సూస్త," అని బొటనవేలు గట్టిగా అదిమింది.

ఇంటికి వచ్చి పైవారికి ఉత్తరం రాశాను. సరేనన్న కుటుంబాలు సగం కాలేదని, కాదన్నవారు చర్చి వద్దని అనలేదని, వచ్చే యేడు తాము ఎక్కడ ఉంటామో వాళ్లకే తెలియదని, అటువంటి వారిని గోడ గురించి అడగడం మా పొరపాటని రాశాను. ఫాదర్ గారు చదివి, "ఒక్క పెద్ద మాట కూడా లేదే," అని సంతకం చేశారు.

ఈస్టర్ అయిన మూడో వారంలో జవాబు వచ్చింది. పరిస్థితి తెలిపినందుకు కృతజ్ఞతలు. ఆ నెలాఖరు నుంచి మేము పెద్ద చర్చికి చెందుతాము. ఫాదర్ గారు దానిని పూజలో చదివి వినిపించిన ఆదివారం పెద్దమ్మ రాలేదు, జ్వరమన్నారు. చెప్పే పని నేనే తీసుకున్నాను.

గుడిసె ముందు నులకమంచం మీద పడుకుని ఉంది. చెప్పడం పూర్తయ్యేదాకా నా వైపే చూసింది.

"నిజమే రాస్తివా సారు?"

"నిజమే రాశాను పెద్దమ్మా."

"ఆ కాయితాలు గట్లనే ఇస్తే చర్చి ఉండేటిదా?"

"ఉండేది."

 మంచి పని చేశావని అంటుందేమోనని లోలోపల ఎదురుచూశాను, అనలేదు. తప్పు చేశావనీ అనలేదు. మెల్లగా లేచి కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రెండు బస్సులంటివి గద," అన్నది. "ముందుగాల ఏది ఎక్కాలె?"