వెర్లిన్ చవక బుల్లెట్లు

మా వెర్లిన్ టెట్జ్‌లాఫ్ అంతటి పిసినారి గురికాడు మోంటానా మొత్తం వెతికినా దొరకడు. గోధుమ గిడ్డంగిలో నలభై ఏళ్ళు తూకాలు చూసి రిటైరయ్యాడు గానీ, తూచే అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. మరకలు పడ్డాయనీ, గీతలు పడ్డాయనీ ఫ్యాక్టరీ వాళ్ళు తీసి పక్కన పెట్టిన బుల్లెట్లను సంచుల లెక్కన తెప్పించేవాడు. గరాజులో కూర్చుని ఒక్కొక్కటే తూచి, ఇత్తడి తొడుగులో తుపాకి మందు పోసి, బరువు కుదిరిన బుల్లెట్‌ను మూతికి బిగించి, సొంతంగా తూటాలు కట్టుకునేవాడు. పెట్టెల్లో ఖరీదైనవి కొనే నన్ను చూస్తే ఆయనకు నవ్వు.

"ఒరేయ్ రస్, గురి కాగితానికి బుల్లెట్ మొహం కనబడదురా. చిల్లు పడిందా లేదా, అంతే!"

"గురి తప్పితే ఆ చిల్లు కూడా కనబడదు పెద్దాయనా."

"అందుకేగా నీ కాగితాలు ఎప్పుడూ కొత్తగా ఉంటాయి!"

ప్రతి శనివారం పొద్దున కంకర గుంత దగ్గర వంద గజాల దూరంలో పరీక్ష. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి జేబులో వేసుకొచ్చేవాడు. ఐదు తూటాలు పేల్చాక కాగితం మీది ఐదు చిల్లులూ ఆ గుడ్డు కింద దాగితే ఆ సంచి పాసయినట్టు. తర్వాత గుడ్డు ఒలుచుకుని తినేవాడు.

ఆయన అన్న హార్లన్‌కు చివరి రోజుల్లో మతి పోయింది. తన కాళ్ళకున్న బూట్లు చూపించి అవెవరివని అడిగేవాడు. అదంతా దగ్గరుండి చూసిన మనిషి వెర్లిన్. తనకూ ఆ గతి పడుతుందేమోనన్న భయం ఆయన నోటితో ఎన్నడూ అనలేదు గానీ, ఆయన పద్ధతుల్లో నాకు కనబడేది. రంధ్రాల చెక్కలో మందు పోయని ఇత్తడి తొడుగులు బోర్లా ఉండాలి, పోసినవి మూతి పైకి ఉండాలి. ఆ తర్వాత టార్చి వేసి ప్రతి మూతిలోకీ తొంగి చూడాలి. అప్పుడే బుల్లెట్ బిగించాలి.

మార్చిలో కొత్త సంచి వచ్చిందంటే చూడ్డానికి వెళ్ళాను. సగం తొడుగుల్లో మందు పోశాక ఫోను మోగింది, ఆయన లోపలికెళ్ళాడు. ఊరికే ఉండని చేతులు నావి. బోర్లించి ఉన్నదొకటి తీసి, అంచు చీలిందేమోనని చూసి, తిరిగి పెట్టాను. మూతి పైకి పెట్టాను. ఆయన వచ్చాక నిరుడు నా గురి తప్పి పారిపోయిన దుప్పి కథ ఎత్తుకున్నాను. నవ్వుల్లో పడి ఆయన టార్చి సంగతి మరిచిపోయాడు.

ఆ శనివారం నాలుగో తూటా తుస్సుమంది. ఆయన మామూలుగానే ఐదోది ఎక్కించాడు. ఆ వేళ కాల్చేవాళ్ళకు ప్రమాదం రాకుండా కాపలా చూస్తున్న లోర్నా పెట్రిక్, స్కూలు బస్సు నడిపే మనిషి, గొంతు చించుకుని అరిచింది.

"వెర్లిన్! వేలు తియ్! గొట్టంలో అడ్డం ఉంది!"

నిజంగానే నాలుగో బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంది. ఐదోది పేల్చి ఉంటే రైఫిల్ ఆయన మొహం మీదే పగిలేది.

"చవక సరుకు కదా మరి," అన్నాను నేనే ముందుగా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

లోర్నా ఇత్తడి కడ్డీతో బుల్లెట్‌ను తట్టి బయటికి తీసింది. గొట్టంలో కాలని మందు పలుకు ఒక్కటి కూడా లేదు. "బుల్లెట్‌కేం రోగం లేదు. ఇందులో అసలు మందే పొయ్యలేదు, తొడుగు అడుగునున్న టోపీ పేలి ఇంతవరకు తోసింది," అంది.

వెర్లిన్ తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే తప్పు నాదే," అన్నాడు మెల్లగా. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ రోజు ఆయన గుడ్డు తినలేదు.

రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ జూన్ దాకా లాగాను. ఈలోగా ఆయన గురికి రావడం మానేశాడు. తర్వాత బండి తాళాలు కూతురికి ఇచ్చేశాడు. ఒక రోజు నన్ను పిలిచి, తూటాలు కట్టే సరంజామా అంతా అట్టపెట్టెలో సర్ది ముందు పెట్టాడు.

"తీసుకెళ్ళరా. నీ చేతులు నమ్మకమైనవి."

ఇక ఆగలేకపోయాను. ఫోను మోగడం, తొడుగు తిప్పి పెట్టడం, చవక సరుకని నేనన్న మాట, అంతా కక్కేశాను. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన లేచి సొరుగులోంచి కాగితాల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఒక్కో కాగితం మీద ఒక తేదీ, కింద భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టినరోజులు.

"మూణ్ణెల్లుగా రోజూ లేవగానే రాస్తున్నానురా, మతి ఉందో పోయిందో చూసుకోడానికి. ఒక్క రోజూ తప్పు పడలేదు. నిన్న మాత్రం చిన్నదాని పుట్టినరోజు తప్పు రాశాను." కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "అది భయానికి తప్పు రాశానా, నిజంగానే మతి తప్పుతోందా? నువ్వే చెప్పు రస్."