సిగ్నల్ పోయిన మలుపు

మా పరుగుకు ఒకటే నియమం. నెమ్మదిగా పరుగెత్తే మనిషి ముందుండాలి, గట్టిగా పరుగెత్తగలిగినవాళ్ళు వెనక రావాలి. కొండల్లో ఎవరూ వెనకబడి తప్పిపోకూడదని, కడపలో డిగ్రీ చదివేటప్పుడు మేం ఐదుగురు ఆడపిల్లలం పెట్టుకున్నాం. ఆ మూడేళ్ళూ వరుసలో చివరి మనిషిని నేనే. నలుగురి వీపులు చూస్తూ, ఊపిరి దాచుకుంటూ పరుగెత్తడం నాకు అలవాటు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, గండి దగ్గర కొండ మొదట్లో, ఎవరూ ఏమీ అనకుండానే నన్ను ముందు నిలబెట్టారు.

పాపకు అప్పుడు ఐదో నెల. వేంపల్లెలో మా అత్తగారింట్లో ఉంటున్నాం, కింద బట్టల అంగడి, పైన ఇల్లు. పాప పుట్టాక నేను గడప దాటింది టీకాలకే. స్నేహితురాళ్ళు కడప నుంచి కారు తెచ్చి తీసుకుపోతామన్నారు. రెండు గంటలే, పైదాకా పోయి వచ్చేద్దామన్నారు. ఆ రెండు గంటలు పాపను వదిలి ఉండగలిగితే మళ్ళీ మామూలు మనిషినవుతానని నేనూ అనుకున్నాను. ఉండలేకపోతే ఏమిటన్నది ఆలోచించలేదు.

భయానికి కారణం ఉంది. అంతకు పదిహేను రోజుల ముందు మా అత్త ఉగ్గుగిన్నెతో పాలు పడుతుంటే పాపకు పొలమారింది. పెదాలు నీలంగా అయ్యాయి. అత్త బోర్లా తిప్పి వీపు తట్టింది, పాప గట్టిగా ఏడ్చింది. ఇంట్లో అందరికీ ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలేది. వేలు తీసిన మరుక్షణం నమ్మకం పోయేది.

ఆ పొద్దున నా పాలు పిండి గిన్నెలో పెట్టి, చెంచాతో పట్టమని, ఉగ్గుగిన్నె వాడొద్దని చెప్పాను. అత్త నావైపు చూసి, "నీ మొగుణ్ణి నేను దాంతోనే పెంచినా," అంది.

పాత బూట్లు బిగుతయ్యాయి. కాన్పు తర్వాత పాదాలు పెరుగుతాయని నాకెవరూ చెప్పలేదు. దారి మేకలు నడిచి వేసిన దారి. రెండు పక్కలా నడుమెత్తు బోదగడ్డి, బందారు పొదలు, కింద రెండు కొండల నడుమ నుంచి పాపఘ్ని ఏరు. ఇదంతా చదువుకునే రోజుల్లో చూసిన జ్ఞాపకం. ఆరోజు నేను చూసింది చేతిలో ఫోనునే.

మేకలు తోలుకొస్తున్న ఒక ముసలామె పక్కకు జరిగి, "ఎవురమ్మా తరుముతాండారు మిమ్మల్ని?" అని అడిగింది. నా వెనక నలుగురూ నవ్వారు. నవ్వడానికి వాళ్ళకు ఊపిరి మిగిలి ఉంది. ఎవరి ఇంట్లోనో చీటీ గొడవ గురించి తాపీగా మాట్లాడుకుంటూ వస్తున్నారు. నా పరుగు వాళ్ళకు నడక.

సగం ఎక్కాక ఒక బండ చుట్టూ దారి తిరుగుతుంది. ఆ మలుపులో ఫోన్లో సిగ్నల్ గీతలు ఒకటికి దిగి, తర్వాత అదీ పోయింది. నేను ఆగిపోయాను. నా వెనక అందరూ ఆగారు.

బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు నీళ్ళ సీసా అందించి, "ఇంక ఇరవై నిమిషాలే మే. పైనుంచి ఏరంతా కనపడ్తాది," అంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఇంట్లో ఏం జరగొచ్చో నాకు కనపడుతోంది. నేనొక్కదాన్నే దిగిపోతాను, మీరు పైకి పొండి అన్నాను. మనిషిని కొండలో ఒంటరిగా వదలకూడదు కదా, ఒప్పుకోలేదు. మాలో టీచరుగా చేసే ఆమె నా పక్కన కూర్చుని, మిగతావాళ్ళకు వినపడకుండా చెప్పింది. "నీకు ఉండేది బిడ్డ మీద బెంగ ఒగటే గాదు మే. ఇంకేందో ఉండాది. డాక్టరమ్మకు చెప్పుకో."

నీకు పిల్లలుంటే తెలిసేది అన్నాను. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. ఆమె లేచి ప్యాంటుకు అంటిన గడ్డి దులుపుకుంది.

అందరం వెనక్కి తిరిగాం. మలుపు దాటగానే సిగ్నల్ వచ్చింది. ఇంటినుంచి ఒక్క ఫోనూ రాలేదు. నేను చేశాను, అత్త ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. అప్పుడు పరుగెత్తాను. కాళ్ళకింద రాళ్ళు జారుతుంటే, బొటనవేలి గోరు బూటులో చితికిపోతుంటే, వాళ్ళందరినీ దాటి కిందిదాకా పరుగెత్తాను. చదువుకునే రోజుల్లో కూడా అంత వేగంగా దిగలేదేమో. కారు దగ్గర నిలబడి చూస్తే చాలాసేపటిదాకా వెనక ఎవరూ కనిపించలేదు.

ఇంటికి పోయేసరికి పాప ఉయ్యాల తొట్టిలో నిద్రపోతోంది. అత్త ఫోను కింద అంగట్లో చార్జింగ్‌లో ఉంది. నా ముఖం చూసి అత్తకు జాలేసినట్టుంది. "తాగి పండుకుండాది లేమ్మా. నువ్వు యాడికో పోయినావని కూడా దానికి తెలీదు," అంది. ధైర్యం చెబుదామనే అంది. నేను స్నానాల గదిలోకి పోయి, నీళ్ళు వదిలి, చాలాసేపు కూర్చున్నాను. చొక్కా ముందు భాగం పాలతో తడిసిపోయి ఉంది. పాపకు నేను అక్కర్లేదు, కొండకూ అక్కర్లేదు అనిపించింది.

పోయిన ఆదివారం వాళ్ళు నలుగురూ మళ్ళీ గండికి పోయారు. పైన, ఏరు వెనక కనపడేలా నిలబడి తీసుకున్న ఫోటో గ్రూపులో పెట్టారు. సాయంత్రం టీచరే ఫోను చేసింది.

"నీకు కష్టమైతాదని పిలవల్యా. ఏమనుకోవాకు మే."

నేనన్న మాటను ఆమె ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేకపోయాను. ఏమీ అనుకోలేదన్నాను. అది నిజమే. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. పిలవనందుకు ప్రాణం తేలికపడింది. ఇక ఏ ఆదివారమూ పాప పక్కనుంచి కదలనక్కర్లేదు. ఇలా తేలికపడ్డ మనిషిని నేనేనా అని భయమేసింది, అయినా ఆ తేలిక పోలేదు.

ఫోను పెట్టేసి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. నాలుగు రోజులైంది. ఎందుకని ఎవరూ అడగలేదు.