బుట్టలో దిగిన శాలువా

"నువ్వు హుషారు మనిషివి" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మెచ్చుకున్నవాళ్లు పాపం బిత్తరపోతారు. ఆ మాట నన్ను పద్నాలుగు నెలలు మెట్ల కింద కూర్చోబెట్టిందని వాళ్లకేం తెలుసు?

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఆ కాలికి ఇనుప పట్టీల క్యాలిపర్ కట్టుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాను. ఇల్లు చిక్కడపల్లిలో. పని అశోక్ నగర్‌లో, సర్కారు కొలువుల పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో. లెక్చరర్లు చేత్తో రాసిచ్చే నోట్సును నేను కంప్యూటర్‌లో టైపు చేస్తాను. అది పుస్తకంగా మారి పిల్లల చేతికి వెళుతుంది.

ఇట్లాంటి కాలితో బతకాలంటే రోజుకో ఉపాయం కావాలి. క్యాలిపర్ పట్టీ తెగితే, నారాయణగూడలో చెప్పులు కుట్టే అన్న ముందు కూర్చుని పాత స్కూలు బ్యాగు పట్టీ దానికి కుట్టించుకున్నాను. నిలబడి వంట చేయలేక స్టూలుకు చక్రాలు బిగించి, పొయ్యికీ సింకుకీ మధ్య దాని మీదే జారుతూ తిరుగుతాను. మా చుట్టాలంతా ఆ స్టూలును చూసి ఆహా ఓహో అన్నారు. ఏనాడూ ఒక్కరు కూడా ఒక పూట వంట చేసిపెట్టలేదు.

మా ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది కాబట్టే ఆ పనిలో చేరాను. ఒకరోజు పొద్దున వచ్చేసరికి లిఫ్టు తలుపుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. కోచింగ్ సెంటర్ నడిపేదీ, ఆ బిల్డింగు ఓనరూ ఒక్కరే, మా సార్. ఫోన్ చేస్తే, "కంపెనీవోళ్లకు చెప్పిన. ఏదో పార్టు రావాల్నంట. జర రెండు మూడు రోజులు అడ్జస్ట్ చేస్కో" అన్నారు.

చేసుకున్నాను. మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒంటిని పై మెట్టు మీదికి లాక్కుంటూ మూడంతస్తులు ఎక్కాను. పక్క నుంచి పిల్లలు బ్యాగులు వేసుకుని దిగుతున్నారు. ఇద్దరు ఆగి, "అక్కా, ఎత్తుకొని పోవాల్నా?" అన్నారు. మంచి పిల్లలే. కానీ నలభై ఏళ్లు దాటిన ఆడదాన్ని బియ్యం బస్తాలాగా మోయించుకోవడానికి నాకు మనసొప్పలేదు. పైకి చేరేసరికి అరచేతులు కమిలిపోయాయి, చీర వెనక అంతా దుమ్ము.

వారం ఇట్లాగే ఎక్కాను. ఎనిమిదో రోజు భుజం పట్టేసి సగంలోనే ఆగిపోయాను. విషయం తెలిసి సార్ ఫోన్ చేశారు. "చూడు, పరీక్షలు ముంగటున్నయి, పని ఆగొద్దు. నీతోని కాదంటే కాదని చెప్పు, నేను వేరే పిల్లను పెట్టుకుంట. అయినా నువ్వు హుషారు మనిషివి, ఏదో ఒకటి చేస్తవులే."

ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో ఉద్యోగం లేదు. లిఫ్టు లేని ఆఫీసులు ఎన్ని మెట్లు చూపించి నన్ను పంపేశాయో నాకు గుర్తే. ఆ మధ్యాహ్నం కింద మెట్ల మీదే కూర్చుని ఆలోచించాను. ఎదురు అపార్టుమెంటులో ఒకామె బాల్కనీలోంచి తాడుకు కట్టిన బుట్ట దించింది. కూరగాయల బండివాడు అందులో వంకాయలు, కొత్తిమీర వేశాడు. ఆమె లాక్కుంది. మా గల్లీల్లో రోజూ కనబడేదే, నేను వందసార్లు చూసిందే. అరే, నేను పైకి పోవడమెందుకు, కాగితాలు కిందికొస్తే సరిపోదా అనిపించింది.

మా వాచ్‌మన్ అన్న ఊరు మహబూబ్‌నగర్ దిక్కు. సెంట్రింగ్ పనులు చేసి చేసి నడుం పోయి ఈ పనికి వచ్చాడు. అడగ్గానే ఇటుకలు ఎత్తే గిరక ఒకటి సంపాదించి మూడో అంతస్తు కిటికీ ఇనుప చువ్వకు కట్టాడు. నా కంప్యూటరు మెట్ల కిందికి, కరెంటు మీటర్ల పక్కకు దిగింది. పైన ప్రూఫులు దిద్దే అక్క నాకు జంట. తాడుకు ఒక గంట కట్టాం. గంట మోగితే బుట్ట దిగుతున్నట్టు. లెక్చరర్ల రాతకాగితాలు అందులో దిగేవి, నేను టైపు చేసిన పేజీలు పైకెక్కేవి, అక్క ఎర్ర పెన్నుతో దిద్దినవి మళ్లీ దిగేవి. వాన పడితే ప్లాస్టిక్ సంచి. గాలి వస్తే మీద ఒక పలక. ఆ ఏడు ఒక్క పుస్తకం కూడా ఆలస్యం కాలేదు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది.

గర్వం నెల రోజుల్లో దిగిపోయింది. మెట్ల కింద దోమలు. బండ్లు స్టార్టు చేసినప్పుడల్లా పొగ నా మొహానికే. బాత్‌రూమ్ మూడో అంతస్తులో ఉంది కాబట్టి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశాను. ఎండాకాలంలో మూత్రంలో మంట వచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, ఆమె నన్నే తిట్టింది, నీళ్లు ఎందుకు తాగవని. నేనేం చెప్పను? అది తెలిసి వాచ్‌మన్ అన్న భార్య వెనకవైపు వాళ్ల బాత్‌రూమ్ వాడుకొమ్మంది. ఆమెకున్న ఆ పాటి బుద్ధి నోట్సు రాసే అంత పెద్ద లెక్చరర్లలో ఒక్కరికీ లేకపోయింది.

ప్రతి నెలా సార్‌ను అడిగేదాన్ని. "సార్, పార్టు వచ్చిందా?"

"వస్తదమ్మా, ఏం తొందర? నీ పని మంచిగనే నడుస్తున్నది కద!"

అవును, మంచిగనే నడుస్తోంది. పిల్లలకు కాళ్లున్నాయి, లెక్చరర్లకు కాళ్లున్నాయి. లేని ఒక్కదానికీ బుట్ట ఉంది. ఇంక లిఫ్టు ఎవరికి కావాలి?

కొత్త బ్యాచి మొదలైన రోజు పైన హాల్లో సార్ మైకులో మాట్లాడుతున్నారు. స్పీకరు శబ్దం మెట్ల గుండా కిందికి వినబడుతోంది. కష్టాలంటే ఏందో మీకు తెలుసా, అని మొదలుపెట్టారు. నేను పేజీ టైపు చేసుకుంటున్నాను. "కింద మా మేడమ్ ఉన్నది. కాలు లేదు. లిఫ్టు పాడైందని ఇంట్ల కూసున్నదా? లేదు! తాడు కట్టింది, బుట్ట కట్టింది, పని నడిపించింది! అవకాశం లేదని ఏడ్చేటోళ్లు ఆమెను చూసి నేర్చుకోవాలె!" చప్పట్లే చప్పట్లు. నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. లిఫ్టు పాడైన సంగతి కూడా నాకు దొరికిన అవకాశంలాగా చెబుతున్నాడే ఈ మనిషి!

గంట మోగింది. మెట్ల కింద నుంచి తల బయటపెట్టి చూస్తే కిటికీలో అక్క. "నిన్ను పైకి రమ్మంటున్నరే. శాలువా కప్పుతరంట."

"ఎట్ల రావాలె అక్కా?"

అక్క లోపలికి వెళ్లి అడిగి వచ్చింది. "నలుగురు పిల్లల్ని పంపుతరంట. కుర్చీల కూసోవెట్టి మోసుకొస్తరంట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లు ఎక్కలేనిదాన్ని మెట్ల మీదుగా మోయించి, మెట్లు గెలిచావని సన్మానమా? "శాలువా బుట్టల పెట్టి పంపమను!" అని అరిచాను. గల్లీ అంతా వినబడే ఉంటుంది.

అక్క నిజంగానే పంపింది. గంట మోగుతూ మడతపెట్టిన ఎర్ర శాలువా గాల్లో ఊగుతూ దిగుతుంటే, కిటికీల నిండా పిల్లలు, చేతుల్లో ఫోన్లు, వీడియోలు. నవ్వుతున్నారు, మళ్లీ చప్పట్లు. వాళ్లకు అదంతా ముచ్చటగా ఉంది. నేను శాలువాను ముట్టలేదు. కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చి పైకి చూశాను.

"నాకు చప్పట్లు వద్దు బిడ్డా! లిఫ్టు ఎందుకు నడుస్తలేదని మీలో ఒక్కరన్నా అడిగిన్రా?"

చప్పట్లు ఆగాయి. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కాసేపటికి సార్ మూడంతస్తులూ దిగి, రొప్పుతూ నా ముందుకొచ్చారు.

"పోరగాళ్ల ముంగట నా ఇజ్జత్ తీస్తివి కదనే!"

"పార్టు ఎప్పుడొస్తది సార్?"

"నాకేం ఎరుక? కంపెనీవోళ్లను అడుగుపో!"

"అడుగుతా."

అనేశాను కానీ ఆ కంపెనీ ఎక్కడుందో, ఎవరిని అడగాలో నాకేం తెలుసు? ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ వెనక్కి తిరిగాను. ఎదురుగా లిఫ్టు తలుపు. దాని మీద అరచేయంత స్టిక్కరు, లిఫ్టు ఆగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. నా కుర్చీకి మూడడుగుల దూరం కూడా లేదు. అక్కడే నిలబడి, సార్ ముందే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అవతల ఎవరో అబ్బాయి ఓపికగా బిల్డింగు వివరాలు అడిగి కంప్యూటర్‌లో వెతికాడు.

"మేడమ్, మీ బిల్డింగు నుంచి మాకు కంప్లైంట్ ఏం రాలేదు."

"పోయిన ఏడాది ఇచ్చిన్రు కద. ఏదో పార్టు రావాలన్నరంట."

"లేదు మేడమ్. ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఇయ్యాలనే మనిషిని పంపుతం."

సార్ నా వైపు చూడలేదు. బయటికి నడిచి, తలెత్తి కిటికీల్లో ఉన్న పిల్లలను చూసి, బండి ఎక్కి వెళ్లిపోయారు.

మెకానిక్కు భోజనాల వేళ దాటాక వచ్చాడు. తాడు విప్పాడు, పైకీ కిందికీ తిరిగాడు, ఏదో వైరు మార్చి నూనె పోశాడు. గంట కూడా పట్టలేదు. చేతులు తుడుచుకుంటూ, ఎన్ని రోజులైంది ఆగిపోయి అని అడిగాడు. చెప్పాను.

"పద్నాలుగు నెలలా! ఇంత చిన్న పనికా? నంబరు ఈడనే ఉన్నది కదమ్మా, ఒక్క ఫోన్ కొట్టకపోతిరా?"

గిరక తెచ్చాను, గంట కట్టాను, వానకు సంచి, గాలికి పలక ఆలోచించాను. ఆ ఒక్క ఫోన్ మాత్రం చేయలేదు. సార్ మాట నమ్మాను, అది ఆయన పని అనుకున్నాను, నాది కాళ్లు లేని బతుకు కాబట్టి సర్దుకోవడమే నా పని అనుకున్నాను. మెకానిక్కు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లి మూడు నొక్కాను, తలుపులు మూసుకున్నాక వెక్కి వెక్కి ఏడ్చాను.