ఆడపిల్లలకి పేకముక్కలు

నేను నరసాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మధ్యాహ్నం రెండింటికల్లా క్లాసులు అయిపోయేవి. మొగల్తూరు వైపు మా ఊరి బస్సు నాలుగింటికి. ఆ మధ్యలో నేనూ, మా ఊరి నుంచే వచ్చే నా స్నేహితురాలూ కాలేజీ దగ్గరున్న కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ అయిదు కంప్యూటర్లు ఉండేవి. ఏ గేమ్ ఎవరికి సరిపోతుందో ఓనరుగారు స్కెచ్ పెన్నుతో ఒక అట్ట మీద రాసి గోడకి అంటించారు. తుపాకుల ఆట కాలేజీ కుర్రాళ్ళకి. కార్ల రేసు స్పీడున్నవాళ్ళకి. చదరంగం తెలివైనవాళ్ళకి. పేకముక్కలు సర్దే ఆట ఆడపిల్లలకి, పెద్దవాళ్ళకి.

మొదటిరోజే కార్ల రేసు అడిగాను.

"అది మీకు సెట్టవదండి," అన్నారాయన చాలా మర్యాదగా. "నాలుగుసార్లు గుద్దేసి, విసుగొచ్చి లేచిపోతారు. పేకముక్కలు పెడతాను, ప్రశాంతంగా ఆడుకోండి."

మా ఇంట్లో ఆడపిల్ల పేకముక్క ముట్టుకుంటే వీపు చిట్లిపోయేది. ఇక్కడేమో ఆడపిల్లకి తగిన ఆట అదొక్కటేనట! నా స్నేహితురాలికి మాత్రం అది నిజంగానే నచ్చింది. "ఎందుకే నీకీ గొడవ? ఇది బానే ఉంది కదా," అనేది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నాకు ఒళ్ళు మండిపోయేది. "మా చేపల చెరువు గట్టు మీద మోపెడ్ నడుపుతానండి నేను," అని ఒకరోజు ఆయనతో వాదించాను.

"అది వేరు, ఇది వేరండి."

మూడు వారాలు అడగ్గా అడగ్గా ఆఖరికి పెట్టారు. కారు బయల్దేరగానే గోడని గుద్దింది. వెనక్కి తీయబోతే గిర్రున తిరిగి ఎదురు దిక్కున పోయింది. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "చెప్పాను కదండీ," అన్నారు ఓనరుగారు. ఆయన మాటే నిజమైనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. బస్సులో ఊరొచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

తర్వాత గమనిస్తే, కొత్తగా వచ్చే కుర్రాళ్ళూ మొదటిరోజు గోడల్నే గుద్దేవారు. వాళ్ళతో ఎవరూ ఇది మీ ఆట కాదని అనేవారు కాదు. పాతవాళ్ళు పక్కన నిలబడి మలుపు ఎలా తిప్పాలో చెప్పేవారు.

నాకు ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు వెళ్ళిన ప్రతిసారీ అడిగి, ప్రతిసారీ అదే మాట పడి, గుద్దుకుంటూనే నేర్చుకున్నాను. ఒక శనివారం నా కారు అన్నిటికంటే ముందు గీత దాటింది. చుట్టూ చూశాను. ఆవేళ నవ్వడానికి కూడా వెనక ఎవరూ లేరు.

"ఏమండీ, ఫస్ట్ వచ్చానండి!"

"ఆయ్, మంచిదండి," అన్నారాయన, కొత్త జెరాక్స్ మిషను ప్లగ్గు చూసుకుంటూ. "కాస్త లేస్తారా? ఆ సిస్టమ్ మీద ప్రింట్లు తియ్యాలి."

పై వారం వెళ్ళేసరికి కంప్యూటర్లలోంచి గేములన్నీ తీసేశారు. జెరాక్సుకీ టైపింగుకీ జనం బాగా వస్తున్నారట. ఇక నాలుగింటిదాకా బస్టాండులో కూర్చోవడమే మా పని అయింది.

"నా పేకాట పోయిందే," అని నా స్నేహితురాలు వాపోయింది.

"నేను రేసులో ఫస్ట్ వచ్చాను, తెలుసా?" అన్నాను.

"ఎప్పుడే?" అంది.

ఆ శనివారం తను నా పక్క కుర్చీలోనే ఉంది.