ఆడెపు రాజేశం రెన్యువల్ ఫైలు

1984 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఊరి పేరు చెప్పను. అక్కడి వాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేదాన్ని. చెప్పాల్సిన జవాబు ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని.

ఊళ్లో ఎవరు ఇల్లు కట్టినా ప్లాను మీద లైసెన్సున్న ఆర్కిటెక్టు సంతకం ఉండాలి. ఆ లైసెన్సును మా ఆఫీసు ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయాలి. దరఖాస్తు రాగానే గుమాస్తా ఆ మనిషి గురించి రికార్డుల్లో ఏముందో వెతికి, నోటు రాసి, సూపరింటెండెంటుకు పెట్టాలి. అక్కడి నుంచి ఫైలు కమిషనర్‌కు వెళ్తుంది. నాకు వచ్చిన మొదటి ఫైలు ఆడెపు రాజేశం గారిది. హైదరాబాదులో చదివి వచ్చిన ఆయన మా ఊరికి ఒక్కడే ఆర్కిటెక్టు.

నాకు ముందున్న గుమాస్తా ఒక్క రిజిస్టరు చూసి ‘అభ్యంతరం లేదు’ అని రాసేవాడట. నేను చదవడం మీద ప్రేమతో అయిదు రిజిస్టర్లు తిరగేశాను. ఆడెపు రాజేశం బర్రెలు రోడ్ల మీద పట్టుబడి మూడుసార్లు బందెలదొడ్డిలో పడ్డాయి. ఆడెపు రాజేశం సైకిళ్లు బాగుచేసే తన డబ్బాకొట్టును రోడ్డు మీదికి జరిపాడు. ఆడెపు రాజేశం మురికికాలువ మీద గోడ కట్టి, నోటీసుకు జవాబివ్వలేదు. జననాల రిజిస్టరులో ఆడెపు రాజేశానికి ఒకే నెలలో ఇద్దరు తల్లులకు ఇద్దరు ఆడపిల్లలు. అంతా వరుసగా రెండు పేజీలు రాశాను.

సూపరింటెండెంటు మురిసిపోయాడు. “నోటంటే గిట్ల రాయాలె, చూసి నేర్సుకోండ్రి,” అని సెక్షనంతటికీ వినిపించాడు. ఇన్ని పనులకు ఒక్క మనిషికి తీరిక ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నాకు తట్టాల్సింది. వేములవాడ రాజన్నకు మొక్కుకుని కన్న పిల్లలకు రాజేశం, రాజవ్వ అని పెట్టుకునే ప్రాంతం మాది. నా తరగతిలోనే ముగ్గురు రాజేశాలు ఉండేవారు. ఆడెపు ఇంటిపేరు వాళ్లూ ఊళ్లో చాలామందే. కమిషనర్ నా నోటులో గోడ సంగతి చూసి, రెన్యువల్ నిరాకరించి, సంజాయిషీ కోరాడు.

మూడో రోజు ఆర్కిటెక్టు గారు వచ్చారు. ఆయన గీసిన బడి ప్లాను మంజూరుకు సిద్ధంగా ఉంది. వారంలోగా లైసెన్సు రాకపోతే ఆ పని వేరే ఊరి ఆర్కిటెక్టుకు పోతుంది. ఆయన వెనకాల ముగ్గురు మనుషులున్నారు.

“సార్, బర్లు గీయనవి. డబ్బా గీయనది. గోడ గీ మేస్త్రిది. పిల్లలు కూడ వీళ్ల పిల్లలే, నాకింకా పెండ్లే కాలె,” అన్నారాయన ఒక్కొక్కరినీ చూపిస్తూ.

“గోడ నాదే సారూ,” అన్నాడు మేస్త్రి రాజేశం. “నోటీసిచ్చిన ఇన్నేండ్లకు ఇయ్యాల అడిగిండ్రు.”

సూపరింటెండెంటు నలుగురినీ మార్చి మార్చి చూశాడు. “మీరు నలుగురైతే నేనేం జెయ్యాలె? కమిషనర్ సారు సంతకమైంది. మేం తప్పు రాసినమని ఎవలు రాస్తరు?”

రాయాల్సింది నేనే. తల వంచుకున్నాను.

నలుగురూ వేర్వేరని తహసీలు ఆఫీసు నుంచి సర్టిఫికెట్లు తేవాలంటే నెలలు పడుతుంది. సూపరింటెండెంటే దగ్గరి దారి చూపించాడు. “తప్పైంది, ఇగ గోడలు కట్టనని రాసియ్యి సారూ. రేపే అయితది.”

“నేను కట్టని గోడకా?”

“కూలగొట్టుమంటలేను గదా. రాసుడేనాయె.”

“రాయి సారూ, ఫికర్ జెయ్యకు,” అన్నాడు మేస్త్రి. “పేరు ఇద్దరిదీ ఒక్కటే, పాపం గూడ సగం సగం.”

హామీపత్రం నేనే టైపు చేశాను. ఆర్కిటెక్టు గారు ఒకసారి నా వైపు చూసి సంతకం పెట్టారు. మర్నాడు లైసెన్సు వచ్చింది. బాధ్యుడు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు కాబట్టి గోడ ఫైలు కూడా మూసేశారు. నేను బదిలీ అయ్యేనాటికి మేస్త్రి ఆ గోడకు సున్నం కూడా వేయించుకున్నాడు.

ఆ తరువాతి సర్వీసులో తండ్రి పేరు, ఇంటి నంబరు సరిచూడకుండా నేను ఏ నోటూ రాయలేదు. రాసింది తప్పని తెలిసిన రోజునే, పైవాళ్ల సంతకం ఉన్నా, కింద నా పేరుతో మరో నోటు పెట్టాను. అందుకు రెండుసార్లు మెమో అందుకున్నాను. ఆ రోజు ఆఫీసులో ‘తప్పైంది’ అని రాయాల్సింది నేను. ఆర్కిటెక్టు గారి చేత రాయించాను.